ఐదు నుంచి పది దాకా

మా నాయన ఎవరి పక్షమూ కాదు. ఊళ్లో ఈ మాటను పొగడ్తగా చెప్తారు. నేను తిట్టుగా చెప్తున్నాను.

ఆయన పేరు జయపాల్. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. చర్చిలో సంఘపెద్ద. గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్లాల గొడవ అయినా, జెండా స్తంభం ఏ పార్టీ వాళ్లు ఎక్కడ నాటాలన్నా అందరూ ఆయన దగ్గరికే వస్తారు. ఆయన తీర్పు చెప్పాక ఇద్దరూ సమానంగా ఏడుస్తూ పోతారు, అందుకని ఆయన న్యాయం మీద ఎవరికీ అనుమానం లేదు. ఇంటికి రెండు పేపర్లు వస్తాయి. ఒకటి ఈ పార్టీది, ఒకటి ఆ పార్టీది. రెండూ చదివి, రెండూ మడిచి, "రెంటిలోనూ కొంత నిజముండాది" అంటాడు. మా అమ్మ ఏసుమణి ఇన్నేళ్ల కాపురంలో కూరలో ఉప్పు ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ ఆయన నోట వినలేదు.

నేను చెప్పబోయేది నిరుటి టమాట కాలం సంగతి. వినాయక చవితికి ముందు మొదలై దీపావళికి ముగిసింది. అప్పుడూ ఇంట్లో ముగ్గురమే, ఇప్పుడూ ముగ్గురమే. ఒకే కుండలో అన్నం తింటున్నాం. చూసేవాళ్లకు ఏమీ మారినట్టు కనపడదు.

అప్పుడు నా పని ఇదీ. పొద్దున ఐదింటికల్లా స్కూటీ మీద పత్తికొండ మార్కెట్ యార్డుకు చేరేదాన్ని. ఫోను పట్టుకుని మండీ నుంచి మండీకి తిరుగుతూ, వేలం పాట జరుగుతుంటే అక్కడికక్కడ లైవ్‌లో ధర చెప్పేదాన్ని. మొదట పాడిన నాలుగు బాక్సుల ధర ఒక్కటే కాదు. మధ్యలో ఎంత పలికింది, చివర్లో ఎంతకు దిగింది, మచ్చకాయ ఎవరైనా ముట్టుకున్నారా, సరుకు కొనడానికి బయటి లారీలు ఎన్ని వచ్చాయి, ఎన్ని రాలేదు, అన్నీ చెప్పేదాన్ని. మదనపల్లె యార్డులో నాకు తెలిసినామె ఒకతె ఉంది. ఆమెకు ఫోను చేసి అక్కడి సంగతి కూడా కలిపేదాన్ని. మా చుట్టుపక్కల రైతులు కోత మనుషులను పిలిచి గట్టు మీద కూర్చోబెట్టి, నా లైవ్ విన్న తర్వాతే వాళ్ల చేతికి గంపలిచ్చేవాళ్లు. ధర ఉంటే కోసి మధ్యాహ్నం పాటకు తెచ్చేవాళ్లు. లేకుంటే కాయను ఇంకో రెండు రోజులు చెట్టు మీదే ఉంచేవాళ్లు.

‘దీవెన ధరలు’ అని దానికి నా పేరే పెట్టుకున్నాను. ఎరువుల అంగడి వాళ్లూ, డ్రిప్పు పైపుల వాళ్లూ ఇచ్చే ప్రకటనలతో నా బతుకు నడిచేది. అయితే నాకు ముఖ్యం ప్రకటనలు కాదు. నేను నోరు తెరిచేదాకా ఇరవై ఊళ్లలో మనుషులు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. అది నాకు పిచ్చి గర్వంగా ఉండేది. మా చేనికి ఆనుకుని ఎకరం సాగు చేసే నాగక్కకు చదువు రాదు, మొగుడు లేడు. నా గొంతు వినపడగానే ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "చెప్పు పాపా" అని నాతో ఎదురెదురుగా మాట్లాడినట్టే మాట్లాడేదట.

మా ఊరు కొండ వెనక ఉంది. సెల్ సిగ్నలు కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. అందుకని ఫోను మాట్లాడాలన్నా, చేల దాకా వైఫై అందాలన్నా ఊరంతా భూపేష్ కేబుల్ నెట్ మీదే బతుకుతుంది. భూపేష్ మా మండలంలో పెద్ద భూములున్న వెంకటేశ్వర్లు కొడుకు. భూములు కౌలుకిచ్చి వ్యాపారంలోకి దిగాడు. ఇరవై ఊళ్లకు నెట్ అతనిదే, యార్డులో అందరికన్నా పెద్ద మండీ కూడా అతనిదే. చిన్నప్పుడు మా నాయన దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. బాగానే నేర్చుకున్నాడు.

చవితికి వారం ముందు భూపేష్ ఒక యాప్ తెచ్చాడు. అతని మండీలో పలికిన ధర, వాన కబురు, పురుగు మందుల సలహా అందులో ఉంటాయి. నెట్‌కు రీచార్జి చేయకపోయినా ఆ యాప్ మాత్రం ఉచితంగా పని చేస్తుంది. వేలు పెట్టగానే తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ వారం నుంచే ఊళ్లలో నా లైవ్ ఆగి ఆగి రావడం మొదలైంది.

నేను నేరుగా అతని మండీకి వెళ్లి అడిగాను.

"ఏమన్నా, నా లైవ్‌ను తొక్కిపెట్టినావంట."

"తొక్కలేదు దీవెనా. నా యాప్‌ను ముందు పంపిస్తాండా, అంతే. మిగతావి యెనక వస్తాండాయి." దాచాలని కూడా అనుకోలేదు, నవ్వుతూనే చెప్పాడు. "స్తంభాలు నాటింది నేను, వైరు గుంజింది నేను. నా దారిలో నా బండి ముందు పోకుంటే ఎవరిది పోవల్ల?"

"నెలనెలా కట్టేది ఊరోళ్లు కదన్నా. ఏం సూడల్లో వాళ్లిష్టం. దీనికి రూలుండాది. నెట్ న్యూట్రాలిటీ అంటారు. మోసేవాడు ఎవరి మాటనయినా ఒకే రకంగా మోయల్ల."

"రూలు నాకీ తెలుసులే. పంచాయితీ పెడదాం. సారు ఏమంటే అదే. నేను కట్టుబడతా."

నా మనసు కుదుటపడింది. సొంత నాయన ముందుకు పోతున్నాను, చట్టం నా పక్కనుంది అనుకున్నాను. ఆ పొద్దు యార్డులో నా అంత తెలివితక్కువది ఇంకొకతె లేదు.

ఆదివారం సాయంత్రం బడి వరండాలో యాభై మంది దాకా చేరారు. మా నాయన పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. ముందు నీ వాదన కాదు, ఎదుటివాడి వాదన చెప్పాలి. వాడు "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకునేదాకా నీ మాట చెప్పనివ్వడు. కోపాలు చల్లారడానికి ఇంతకన్నా మంచి మందు లేదని ఆయన నమ్మకం. ఆ వరండాలో చాలా తగాదాలు ఈ పద్ధతిలోనే ముగిశాయి.

నన్ను ముందు లేపాడు. నేను భూపేష్ తరఫున చెప్పాను. బాగా చెప్పాను, అదే నా కర్మ. ధర చెప్పడం అలవాటైన నోరు, జనం కనపడితే ఆగదు. ఊరికి నెట్ తెచ్చింది అతనేననీ, వేరే కంపెనీ ఏదీ ఈ కొండ వెనక్కి రాలేదనీ, వీడియోలు బరువు కాబట్టి అందరూ ఒకేసారి చూస్తే లైను నిండిపోయి ఎవరికీ ధర తెలియకుండా పోతుందనీ, రీచార్జికి చేతిలో దుడ్లు లేని బీదవాళ్లకు ఆ యాప్ ఒక్కటే దిక్కనీ చెప్పాను. భూపేష్‌కు కూడా తట్టని మాటలు రెండు చెప్పాను. జనం తలలూపారు.

"అవును సార్, నా మాట ఇదే" అన్నాడు భూపేష్.

తర్వాత అతను లేచి నా తరఫున చెప్పాడు. "అన్నీ సమానంగా పోవల్లని దీవెన అంటాండాది. రూలు అట్లే ఉండాది" అని కూర్చున్నాడు.

"ఇదేనా నీ మాట?" అని నాయన నన్ను అడిగాడు.

కాదనడానికి లేదు. నా మాట అదే. అన్నం ముందు పెట్టి కూర వేయకుండా ‘భోజనం ఇదేనా’ అని అడిగినట్టుంది. "అవును" అన్నాను.

తర్వాత నేను ఎంత చెప్పినా జనం చెవికెక్కలేదు. సుంకప్ప అనే రైతు అడ్డం తగిలాడు. "ఉచితంగా వస్తాంటే వద్దంటావేందమ్మా. నీకేమన్నా చేటా?" అన్నాడు.

"ఈ పొద్దు ఉచితమే సుంకప్పన్నా. ఒక్క ధరే కనపడతా ఉంటే అదే ధర అనుకుంటావు. రేపు ఆయన ఎంత చెప్తే అంత."

నాయన చేయెత్తాడు. "దీనిమీద దేశంలో పెద్ద చర్చ జరిగిందప్పా. వైరు ఎవరిదైతే వాళ్లిష్టమని కొందరంటాండారు. ప్రతి చిన్నదానికీ సర్కారు రూలే పెట్టల్లని కొందరంటాండారు. రెండూ అతిగానే ఉండాయి. వ్యాపారం జేసేవాణ్ణి చెయ్యనియ్యల్ల, జనానికి దారీ మూయగూడదు. మధ్యలో నిలబడితేనే రెండు పక్కలా కనపడేది." అప్పుడు తీర్పు చెప్పాడు. "పొద్దున ఐదు నుంచి పది దాకా ధరల టయం. అప్పుడు యాప్ ముందు పోనీ. పది దాటినాక అన్నీ సమానం, భూపేషు దేన్నీ యెనక్కి తొయ్యగూడదు."

నేను మళ్లీ లేచాను. "నాయనా, నా పని ఐదు నుంచి పది దాకానే. పది దాటినాక ధర ఎవరికి గావల్ల?"

"తెలుసు."

"తెలిసే చెప్పినావా?"

"కూతురి పక్క ఒరిగినాడని ఒకరు గూడా అనగూడదు కదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. కండువా అంచుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

నాగక్క ఒక్కతే వెనక నుంచి అడిగింది. "సారూ, నాకి యాప్ చదవనీకి రాదు కదా. పాప చెప్తాంటే ఇంటాండా."

"నేర్చుకోవచ్చు నాగక్కా. చదువుకి వయసుతో పని లేదు" అన్నాడు మా నాయన. యాభై మందీ మెచ్చుకుంటూ ఇళ్లకు పోయారు.

పది రోజులు ఓర్చుకున్నాను. నా ముఖం నోరు తెరుచుకుని అట్లే నిలిచిపోతోందని నాగక్క చెప్పింది. ధర సగం వినిపించి, తెర మీద చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుందట. తిరగడం ఆగేసరికి ఎండెక్కి, కోత మనుషులు వేరే చేనికి పోతున్నారట. ఎరువుల అంగడి ఆయన మర్యాదగా ఫోను చేసి, ప్రకటన సంగతి వచ్చే నెల చూద్దామన్నాడు. నేను సర్కారుకు ఫిర్యాదు పెడదామని ఫారం తీసుకుని కూర్చున్నాను. కనెక్షను ఎవరి పేరున ఉంటే వాళ్లే పెట్టాలని ఉంది అందులో. మా ఇంటి కనెక్షను నాయన పేరున ఉంది.

అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. నాయన పీట మీద కూర్చున్నాడు. కాగితం ఆయన ముందు పెట్టాను. మొత్తం చదివాడు. ఒక చోట అక్షర దోషం ఉంటే పెన్నుతో దిద్దాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

"తీర్పు చెప్పిన చెయ్యితోనే దానిమీద అర్జీ పెట్టేదెట్లమ్మా?"

అమ్మ పిండి చేయి దులుపుకుంది. "కన్నబిడ్డకి ఒక్క సంతకం పెడితే నీ చెయ్యి పడిపోతాదా?"

"పెట్టొద్దని అన్నానా ఏసుమణీ? తన పేరుతో కనెక్షను తీసుకుని పెట్టుకోనీ. నేను అడ్డం రాను, సాయం రాను."

"కొత్త కనెక్షను ఇచ్చేది గూడా భూపేషే కదా నాయనా" అన్నాను.

"అది నిజమే" అన్నాడు. రెండు వైపులా ఆలోచించే మనిషి కాబట్టి కాసేపు దాని గురించి కూడా ఆలోచించాడు. తర్వాత రొట్టె తిన్నాడు.

ఇంకో పది రోజులకు భూపేష్ నన్ను మండీలోకి పిలిచి కుర్చీ వేయించాడు. చదువు రానివాళ్లు యాప్ వాడడం లేదట. యాప్‌లో గొంతు ఉండాలట. "నీ గొంతయితే ఊళ్లు నమ్ముతాయి దీవెనా. నేను చీటీ రాసిస్తా, నువ్వు చదువు. నెల జీతం."

"చివర పలికిన ధర గూడా చెప్తానన్నా. లారీల సంగతి గూడా."

"చీటీలో ఉండేది చదువు."

చీటీలో మొదటి పాట ధర ఒక్కటే ఉంటుందని నాకు తెలుసు. మొదట పాడేది ఎప్పుడూ ఎంచిన కాయే. ఆ ధర విని జనం కోసుకొస్తే యార్డు నిండుతుంది, నిండితే ధర దిగుతుంది. ఆ దిగిన ధరకు కొనేది భూపేష్. ఇదంతా తెలిసే ఒప్పుకున్నాను. ఖాళీగా తిరిగే ఆ చక్రాన్ని చూసి చూసి విసిగిపోయాను. నా గొంతు ఎట్లాగైనా వినపడాలి, అంత పాపిష్టి ఆశ అది.

ఆ సాయంత్రం మా నాయన వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్లకు పిలిచి మరీ చెప్పాడు. "పోట్లాడినోళ్లే కలిసి పని చేస్తాండారు. తీర్పంటే ఇట్ల ఫలించల్ల." లోపల కూర్చుని ఆ మాట విన్నాను. నాయన మీద అసహ్యం వేయడం ఎట్లా ఉంటుందో ఆ పొద్దే నాకు తెలిసింది.

నాగక్క మాత్రం సంబరపడింది. "నీ గొంతు మళ్ల వస్తాండాది పాపా. యాడా ఆగడం లేదు" అంది.

దసరా వెళ్లిపోయింది. మా రెండెకరాల చేను పెద్ద కోతకు వచ్చింది. ఆ ఏడు కాయ బాగా నిలిచింది. దాని మీద వచ్చేదానితో ఎండిన బోరు పక్కన కొత్తది వేయించాలని నాయన అనుకుంటున్నాడు. అది వేస్తేనే ఎండాకాలానికి చెట్టుకు నీళ్లు. ముందు రోజు సాయంత్రం అన్నం దగ్గర, "రేపు కోయిద్దామనుకుంటాండా. పొద్దున నీ ధర ఇని చూస్తాలే" అన్నాడు. అందరిలాగే యాప్‌లో వింటానని ఆయన ఉద్దేశం. నన్ను విడిగా అడగలేదు. ‘నిజం ఎంతుందో నాకొక ఫోను చెయ్యి’ అని అడిగి ఉంటే చేసేదాన్నేమో. ఆయన అడగడు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ అడుగుతాడని చూస్తూ అన్నం ముగించాను.

మరుసటి పొద్దున యార్డు తీరు చూడగానే అర్థమైంది. బయటి లారీలు ఒక్కటీ రాలేదు. ఆ లారీల వాళ్ల వైపు కూడా కాయ ఒక్కసారే దిగిందట. మొదటి పది బాక్సులను భూపేష్ మనిషే మంచి ధరకు పాడుకున్నాడు. ఆ తర్వాత పాట పాడేవాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకుని టీకొట్టు వైపు నడిచారు. అప్పుడు టయం ఆరున్నర. చీటీ నా చేతికి వచ్చింది. అందులో మొదటి పది బాక్సుల ధర ఉంది.

మా చేనిలో అప్పటికే కోత మనుషులు గట్టు మీద కూర్చుని ఉంటారు. నాయన యాప్ తెరిచి పెట్టుకుని ఉంటాడు. నేను ఫోనులో అమ్మ నంబరు తీశాను. కాసేపు చూశాను. జేబులో పెట్టుకున్నాను.

తర్వాత చీటీ చదివాను. గొంతు సవరించుకుని, తప్పు లేకుండా, రెండుసార్లు చదివాను.

ఇది న్యాయమని ఆ క్షణంలో నేను అనుకోలేదు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట తయారుగా పెట్టుకున్నాను, అంతే. నాకు కావలసింది ఒకటే. మధ్యాహ్నం మా నాయన యార్డులోకి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆయన నన్ను తిట్టాలి. ‘సొంత కూతురివై ఉండి నాకు చెప్పవా’ అని ఒక్కసారి నోరు జారాలి. జారితే, ఆ వరండాలో నేను అడిగింది కూడా అదే కదా అని అడగాలి.

మధ్యాహ్నానికి యార్డులో కాలు పెట్టడానికి చోటు లేదు. బయట రోడ్డు మీద కూడా బాక్సులు దించారు. నాయన బొలెరో వెనక కూర్చుని వచ్చాడు, పొద్దున వేసుకున్న తెల్లచొక్కాతోనే. గంట నిలబడ్డాడు. మా కాయను ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్న ఒక్కడు చెప్పిన ధర బొలెరో బాడుగకు కూడా చాలదు. పక్కన నాగక్క ఆటో ఉంది. ఆమె బాక్సుల మీద తడి గోనెపట్ట కప్పి, నా వైపు చూస్తోంది.

నేను నాయన దగ్గరికి వెళ్లాను.

"పొద్దున నీకి తెలియలేదా?" అని అడిగాడు.

"తెలుసు. ఆరున్నరకే తెలుసు."

"ఫోను చెయ్యలేదే."

"యాప్‌లో చెప్తే నా కొలువు పోతాది. మన ఇంటికి ఒక్కదానికే చెప్తే అది అన్యాయం గదా నాయనా. సంఘపెద్ద కూతురు సొంతోళ్లకే చెప్పుకున్యాదంటారు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను కాచుకుని నిలబడ్డాను. చెంపదెబ్బకైనా సిద్ధంగా ఉన్నాను. కొట్టి ఉంటే ఆయన కాళ్లు పట్టుకునేదాన్ని, ఇది దేవుడి సాక్షిగా నిజం.

"నిజమే" అన్నాడు. కాసేపు ఆలోచించి, "సరిగ్గానే చేసినావు" అన్నాడు.

తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, బాక్సులు ఒకటొకటిగా ఎత్తుకుపోయి రోడ్డు పక్క కాలువలో పారబోశాడు. డ్రైవరు సాయం పట్టాడు. నేను చీటీ చదివే బల్ల దగ్గరికి తిరిగి వెళ్లిపోయాను. బోరు మాట ఆ ఏడు ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇంట్లో అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. నాయన మామూలుగానే ఉన్నాడు, ఇంకొంచెం ప్రేమగా కూడా ఉన్నాడు. నాకు కంచంలో ఆయనే వడ్డించాడు. 

ఆ వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో ఆయన లేచాడు. ఎవరికి దేవుడు ఏ మేలు చేశాడో సంఘం ముందు చెప్పుకునే సమయం అది. జ్వరం తగ్గిందనో, బర్రె దొరికిందనో చెప్తారు. నాయన నా గురించి చెప్పాడు.

"నా చేను పోయింది. దానికి నాకు దిగుల్లేదు. తండ్రికి ఒక మాట, ఊరికి ఒక మాట చెప్పని బిడ్డనిచ్చినందుకు దేవునికి స్తోత్రం" అన్నాడు. చెప్తుంటే ఆయన గొంతు వణికింది. నా జీవితంలో ఆయన గొంతు వణకడం అదే మొదటిసారి.

సంఘమంతా స్తోత్రం అంది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న మా అమ్మ అనలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను చేసిన పాడుపనిని కడిగి, మచ్చ లేకుండా తుడిచి, అందరి ముందూ నా మెడలో దండ వేస్తున్నాడు. లేచి నిలబడ్డాను.

"అబద్ధం" అన్నాను. "న్యాయం గాదు, ఏం గాదు. నాయన మీద కోపంతోనే నిజం ధర చెప్పలేదు. నా పని పోయినప్పుడు నా పక్క నిలబడలేదని, ఆయన చేను పోవల్లని కోరుకుని చెప్పలేదు."

 పాస్టరు బైబిలు మూసి చేతిలో పట్టుకున్నాడు. అందరూ నాయన వైపు చూశారు, ఎప్పటిలాగే.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "కొంత కోపం గూడా ఉంటాదిలే. కొంత న్యాయమూ ఉంటాది. మనిషి కదా, రెండూ ఉంటాయి" అన్నాడు. "కూర్చో అమ్మా."

ఎవరో ఆమెన్ అన్నారు. మిగతావాళ్లూ అన్నారు. పాట అందుకున్నారు. నా కోపంలో కూడా నాకు పూర్తి భాగం ఇవ్వలేదు ఆయన. నేను చాప మీద కూర్చుని ఊరికే పెదవులు కదిలించాను.

చర్చి ముగిశాక ఎవరితోనూ కలవకుండా చేల దారిన ఇంటికి నడిచాను. మా చేను దాటగానే నాగక్క చేను. మా ఊళ్లో మేకలు కాసే పెద్ద ఈరన్న మంద అందులో ఉంది. పండిన కాయను నమిలి, పచ్చికాయను తొక్కుతూ తిరుగుతున్నాయి. మిగిలిన కాయకు కోత కూలి దండగని నాగక్క తనే పిలిచి తోలించిందట. గట్టు మీద కూర్చుని చూస్తోంది.

"గుళ్లో లేచి చెప్పినావంట" అంది. నాకన్నా ముందే మాట చేను చేరింది.

"చెప్పినా అక్కా."

"మీ నాయన మీద కోపమొచ్చింది, సరే. ఆయప్ప మీద సూపిచ్చినావు. ఆయప్ప ఓర్చుకున్యాడు, దేవుని ముందర మంచోడయినాడు. నువ్వు తప్పొప్పుకున్యావు, నువ్వూ మంచిదానివయినావు." ఆమె గొంతు పెంచలేదు. "నేను కూడా ఆ పొద్దు నీ గొంతు ఇనే గదా కోసింది. మీ ఇద్దరి నడాన నేను యాడుండా పాపా?"

నేను ఏదో చెప్పబోయాను. చీటీ అని, కొలువు అని, నోటిదాకా వచ్చింది. ఆరున్నరకు ఫోను చేతిలో పట్టుకుని నేను తలచుకున్నది ఒక్క మా నాయనను. నాగక్క గానీ, సుంకప్ప గానీ, ఆ ఇరవై ఊళ్లు గానీ నాకు గుర్తే రాలేదు.

"తప్పయింది అక్కా" అన్నాను.

"సరేలే. ఎండగుండాది, పో" అంది. మేకల వైపు తిరిగి కూర్చుంది.

సోమవారం పొద్దున ఐదింటికి నేను యార్డులో ఉన్నాను. భూపేష్ చీటీ ఇచ్చాడు. చదివాను. ఊళ్లలో కోత మనుషుల చేతికి గంపలిచ్చారు.